మంటలార్పువారి ఒంటిమీది మసి

ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు మన దేశమున అగ్నిమాపక వారోత్సవములు జరుగుచుండును. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో మందుగుండు సామగ్రితో నిలిచియున్న ఫోర్ట్ స్టికీన్ అను ఓడ పేలినపుడు, ఆ మంటలతో పోరాడుచు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణములు కోల్పోయినారు. వారి స్మృత్యర్థము ఆ దినమును పాటించుచున్నారు. మా చిలకలూరిపేటలోను ఆ వారములో ఎఱ్ఱబండి బజారులోనికి వచ్చును. గ్యాసు సిలిండరుపై తడి గోనెపట్టా కప్పి మంట ఆర్పుట ఎట్లో పిల్లలకు చూపుదురు, కరపత్రములు పంచుదురు. మంచి కార్యక్రమమే. కాని ఆ కరపత్రములలో నా కంటికి ఏనాడును కనిపించని విషయమొకటి ఉన్నది. మంటలో చిక్కి ఒక్కనాడు మరణించినవారిని మనము లెక్కించుకొన్నాము, దండలు వేసినాము. మంట ఆర్పి, క్షేమముగా ఇల్లు చేరి, ఇరువది ముప్పది సంవత్సరముల తరువాత మూత్రాశయములోనో ఊపిరితిత్తుల పైపొరలోనో పుట్టిన క్యాన్సరుతో మంచము పట్టినవారిని ఏ లెక్కలో వేసినాము?

ఇంటి వైద్యము చెప్పు పత్రికలో ఈ ప్రస్తావన ఏల అని పాఠకులు అడుగవచ్చును. ఫైర్ స్టేషనులో పనిచేయు ఉద్యోగి మనవంటి మధ్యతరగతి గృహస్థుడే. అతడు మసి అంటిన ఖాకీ దుస్తులతో వచ్చునది మనవంటి ఇంటికే. ఆ దుస్తులను ఉదుకునది ఇంటి ఇల్లాలే. అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటి కలదు. ఆ రోగపు తొలి చిహ్నము ఆసుపత్రికి పోవుటకు ముందు మన వంటింటికి వచ్చును. బార్లీ నీళ్ళకు, సబ్జా గింజలకు, సుగంధిపాల షర్బతుకు వచ్చును. అక్కడ మనమేమి చెప్పుదుమన్నదానిపై ఒక ప్రాణము ఆధారపడియుండును. కావున ఈ విషయము మన పత్రికదే.

ముందుగా శాస్త్రజ్ఞులు తేల్చినదేమో చెప్పెదను. ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరమున, ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉన్నది. ఏ పదార్థము, ఏ వృత్తి క్యాన్సరు కలిగించునో విచారించి వర్గములుగా విభజించుట దాని పని. 2007లో ఆ సంస్థ అగ్నిమాపక వృత్తిని పరిశీలించి, 'క్యాన్సరు కలిగించుటకు అవకాశము కలదు' అని మాత్రము చెప్పి 2బి వర్గములో ఉంచినది. పదునైదేండ్ల తరువాత, 2022 జూన్ నెలలో, 8 దేశములకు చెందిన 25 మంది శాస్త్రజ్ఞులు మరల కూడి, అప్పటికి సమకూడిన ఆధారములన్నిటిని చూచి, ఆ వృత్తిని ఒకటవ వర్గములోనికి మార్చినారు. అనగా మనుష్యులలో క్యాన్సరు కలిగించుననుటలో ఇక సందేహము లేదని అర్థము. మూత్రాశయ క్యాన్సరు, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చు మెసోథీలియోమా అను క్యాన్సరు – ఈ రెండింటి విషయమున తగినన్ని నిదర్శనములు లభించినవి. పెద్దప్రేగు, పౌరుషగ్రంథి, వృషణములు, చర్మపు నల్లమచ్చ క్యాన్సరు, ఒక విధమైన లింఫు గ్రంథుల క్యాన్సరు – వీటి విషయమున కొంత నిదర్శనము మాత్రమే ఉన్నదని చెప్పినారు.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. పొగాకు కూడ ఒకటవ వర్గములోనిదే. అంతమాత్రమున ఫైర్ స్టేషనులో పనిచేయుటయు, దినమునకు రెండు కట్టల బీడీలు కాల్చుటయు సమానమని కాదు. ఈ వర్గము సాక్ష్యపు బలమును చెప్పునే గాని ప్రమాదపు పరిమాణమును చెప్పదు. పరిమాణము తెలిసికొనుటకు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో, ఫిలడెల్ఫియా నగరముల అగ్నిమాపక సిబ్బంది సుమారు 30,000 మంది జీవితములను 1950 నుండి 2009 వరకు పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనము ఉపకరించును. సామాన్య జనులకంటె వారిలో క్యాన్సరు సోకుట 9 శాతము, క్యాన్సరు మరణములు 14 శాతము అధికము. మెసోథీలియోమా అయితే రెండింతలు. 9 శాతమేనా అని తేలికగా తీసికొనువారు ఒక సంగతి గమనింపవలెను. ఈ ఉద్యోగమునకు ఎన్నికగువారు పరుగు, ఎత్తు, ఛాతీ కొలతలన్నిటిలో నెగ్గిన యువకులు. సామాన్యులకంటె తక్కువగా రోగముల పాలు కావలసినవారు. అట్టివారిలో ఎక్కువ కనిపించినదన్నచో ఆ ఎక్కువ నిజముగా ఎంతయో ఊహించుకొనవచ్చును.

ఇక మన ఊరి పొగను గురించి చెప్పుకొందము.

నా చిన్నతనమున పల్నాటి పల్లెలలో నిప్పంటుకొన్నదనగా తాటాకు ఇల్లో, వరిగడ్డి వామో, పొగాకు బ్యారనో తగులబడినదని అర్థము. ఆ పొగయు మంచిది కాదు. కఱ్ఱ కాలినను, గడ్డి కాలినను మసిలో బెంజోపైరీను వంటి క్యాన్సరు కారకములు పుట్టును. కాని ఈనాడు కాలునవి వేరు. మా చిలకలూరిపేట, గణపవరము ప్రాంతములలో జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు ఎన్నియో ఉన్నవి. పత్తి బేలు అంటుకొన్నచో పైన నీళ్ళు పోసినంత మాత్రమున ఆరదు. లోలోపల రవులుచునే యుండును. ఒక్కొక్క బేలును చీల్చి, దూదిని పరచి, తడిపి ఆర్పవలెను. గంటల తరబడి, ఒక్కొక్కసారి రాత్రి తెల్లవార్లు ఆ పొగలోనే నిలువవలెను. గుంటూరు చుట్టుపట్ల శీతల గిడ్డంగుల సంగతి ఇంకను విషమమైనది. మిర్చి టిక్కీలు కాలిన ఘాటు మైలు దూరము కొట్టునని అందరికి తెలియును. అందువలన కన్ను, ముక్కు మండును గనుక జనులు దూరముగా పోవుదురు. ఆ విధముగా చూచిన మిర్చిపొగ మనకు హెచ్చరిక చేయు మిత్రుడే. కాని ఆ గోడలలోపల చలువ నిలుచుటకై దట్టముగా పరచిన థర్మోకోలు, నురుగు పలకలు కాలినపుడు వెలువడు వాయువులు అట్లు అరచి చెప్పవు. బెంజీను, స్టైరీను, సయనైడు వాయువు మొదలగునవి ఆ నల్లని పొగలో కలిసియుండును.

రేకుల కప్పుల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. మన గోదాములకు, మిల్లులకు, పేదల ఇండ్లకు కప్పు సిమెంటు రేకులలో పెక్కింటియందు ఆస్బెస్టాస్, అనగా రాతినార, కలిసియుండును. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున ఒకప్పుడు ఈ రాతినారను గనులలో తవ్వి తీసిరి. మంటల వేడికి ఈ రేకులు టపటప పేలి ముక్కలగును. ఆ ముక్కలను త్రొక్కి, లాగి, తిరగవేయునపుడు కంటికి కనిపించని నారలు గాలిలోనికి లేచును. అవి ఊపిరితిత్తులలోనికి పోయినచో బయటకు రావు. మెసోథీలియోమాకు ఆ నారయే ప్రధాన కారణము. నార లోనికి పోయిన తరువాత రోగము బయటపడుటకు ఇరువది నుండి ఏబది సంవత్సరములు పట్టవచ్చును. ఇరువదియైదేండ్ల కుఱ్ఱవాడు నేడు పీల్చినదానికి అరువదియైదవ ఏట, పింఛను తీసికొనుచున్నపుడు, జవాబు చెప్పుకొనవలసివచ్చును. అప్పుడు అతడు పనిచేసిన గోదాము పేరు సైతము ఎవరికి గుర్తుండును?

మా ఊరు జాతీయ రహదారి మీద ఉన్నది. 1993 మార్చిలో మా ఊరి సమీపమున జరిగిన బస్సు దహనములో 23 మంది బలియైన సంగతి ఇక్కడివారు మరువలేదు. 2024 మే నెలలో, పోలింగు ముగిసిన మరునాటి రాత్రి, హైదరాబాదుకు పోవుచున్న ప్రయివేటు బస్సును టిప్పరు ఢీకొని రెండును కాలిపోగా ఆరుగురు మరణించినారు. అట్టి స్థలములకు మొదట చేరునది అగ్నిమాపక సిబ్బందియే. బస్సు అనగా ఈనాడు ఇనుపచట్రము మీద రెగ్జిను, స్పాంజి, ప్లాస్టికు, వైర్లు, టైర్లు, డీజిలు. లోపల మనుష్యులు ఉన్నారని తెలిసినవాడు ముఖమునకు ముసుగు సరిగా తగిలించుకొన్నానా అని చూచుకొనుచు నిలువడు. నిలువనందులకు మనము అతనికి నమస్కరింపవలెను. కాని ముసుగు, గాలిసిలిండరు చేతికి అందుబాటులో లేకుండుటకు మాత్రము ఎవరికిని నమస్కరింపనక్కరలేదు.

ఆ విషము శరీరములోనికి పోవు మార్గములలో ముక్కు ఒక్కటే అందరికి తెలిసినది. రెండవ మార్గము చర్మము. దీనికి పాత కథ ఒకటి ఉన్నది. 1775లో లండను నగరమున పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు పొగగొట్టములు శుభ్రము చేయు కుఱ్ఱవాండ్రకు పెద్దయిన తరువాత వృషణకోశముపై వచ్చు పుండును చూచి, అది చర్మపు ముడుతలలో చేరిన మసివలన పుట్టిన క్యాన్సరని గుర్తించినాడు. ఒక వృత్తికిని ఒక క్యాన్సరుకును గల సంబంధమును లోకమునకు చూపిన తొలివాడు అతడే. శతాబ్దము గడచిన తరువాత, 1892లో, హెన్రీ బట్లిన్ అను మరియొక ఆంగ్ల శస్త్రవైద్యుడు, ఆ రోగము ఇంగ్లండులో అంతగా ఉండి ఐరోపాలోని ఇతర దేశముల పనివారిలో ఏల అరుదో విచారించినాడు. ఆ దేశములవారు ఒంటికి అంటిపెట్టుకొనియుండు దుస్తులు ధరించి పనిచేసిరి, దినదినము ఒడలు కడుగుకొనిరి. ఇంతే భేదము. మందు కాదు, మంత్రము కాదు, స్నానము!

నేను గురుకులమున చదువుకొన్న దినములలో భస్మములకు పుటము వేయుట మా విద్యార్థుల పని. గోతిలో పిడకలు పేర్చి నిప్పంటించినచో ఆ పొగ రాత్రి అంతయు ఉండెడిది. గాలి వాలు చూచి, పొగకు ఎదురుగా కాక ప్రక్కన కూర్చుండవలెనని మా గురువుగారి ఆజ్ఞ. పుటము చూచి వచ్చినవాడు నూతి దగ్గర తలస్నానము చేసి, గుడ్డలు తడిపి ఆరవేయక మునుపు వంటశాల గడప త్రొక్కుటకు వీలు లేదు. మేము దానిని మడి అనుకొంటిమి. గురువుగారు దానిని మడి అనలేదు, 'విషము ఇంట్లోకి తేకురా' అనెడివారు.

ఆయుర్వేదము పొగను గురించి ఏమి చెప్పినదో తెలిసికొనగోరువారికి సుశ్రుత సంహిత సూత్రస్థానములోని పండ్రెండవ అధ్యాయము చూపదగినది. అగ్నికర్మను, కాలిన గాయములను చెప్పు ఆ అధ్యాయములోనే పొగ సోకినవాని లక్షణములు ఉన్నవి. దీనికి ధూమోపహతమని పేరు. ఊపిరి బరువగుట, తుమ్ములు, దగ్గు, కడుపు ఉబ్బరము, కన్నులు మండి ఎఱ్ఱబారుట, వాసనయు రుచియు తెలియకపోవుట, చెవి వినికిడి తగ్గుట, దప్పిక, తాపము, జ్వరము, చివరకు మూర్ఛ – ఈ క్రమమును చదివిన నేటి వైద్యుడెవడైనను అబ్బురపడును. చికిత్సగా నెయ్యి కలిపిన చెఱకురసము, ద్రాక్షరసము, పాలు, పంచదార నీళ్ళు మొదలగువాటితో వమనము చేయించి, పుక్కిళ్ళు పట్టించి, నస్యమిచ్చి, దాహము పుట్టింపని తేలిక ఆహారము పెట్టుమని చెప్పినాడు.

ఇది ఆ క్షణమున సోకిన పొగకు చెప్పినది. అప్పుడైనను నేటి కాలమున దీనిని యథాతథముగా పాటింపరాదని నా అభిప్రాయము. సగము తెలివి తప్పినవానికి వాంతి చేయించినచో అది ఊపిరిగొట్టములోనికి పోయి ప్రాణము తీయును. పొగ పీల్చినవానికి తలనొప్పి, తలతిరుగుడు, మగత ఉన్నచో ఒంటిపై ఒక్క బొబ్బ లేకున్నను కార్బన్ మోనాక్సైడు, సయనైడు విషము సోకియుండవచ్చును. వానికి కావలసినది ఆక్సిజన్. పాలు కాదు, నెయ్యి కాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఇక సంవత్సరముల తరబడి కొద్దికొద్దిగా లోనికి పోవు విషము మాట. సుశ్రుతుడే కల్పస్థానములో దూషీవిషమను దానిని చెప్పినాడు. పాతబడియో, ఔషధములచే బలము తగ్గియో, దావాగ్ని, గాలి, ఎండలచే శోషించియో మిగిలిన విషము వెంటనే చంపదు. కఫముచే కప్పబడి అనేక సంవత్సరములు శరీరముననే దాగియుండి, దేశకాలములు, ఆహారము, పగటినిద్ర వంటివి అనుకూలించినపుడు ధాతువులను చెఱచును. ఈ భావన మన విషయమునకు చాల దగ్గరగా ఉన్నది. అయితే సుశ్రుతునికి బెంజీను తెలియునని, రాతినార తెలియునని సభలలో చెప్పు మిత్రులతో నేను ఏకీభవింపను. ఆయన చెప్పినది చెప్పినంత గొప్పది. చెప్పనిదానిని ఆయన నోట పెట్టుట ఆయనకు గౌరవము కాదు.

అట్లే 'పొగలో పనిచేయువారికి రక్షణ' అని, 'క్యాన్సరు నిరోధకము' అని లేహ్యములు, చూర్ణములు అమ్ముట నాకు సమ్మతము కాదు. మిల్లులలో పనివారికి బెల్లము ముక్క పెట్టుట మన ప్రాంతమున పాత అలవాటు. బెల్లము తిన్నచో గొంతులోని దుమ్ము కడుపులోనికి జారునని నమ్మకము. గొంతు కొంత తడియగును, నిజమే. ఊపిరితిత్తుల లోతులకు చేరిన మసిని బెల్లము తీసుకొని రాదు. పైగా మసి చేతులతో ఆ బెల్లము తిన్నచో మసియు కడుపులోనికి పోవును. విషము లోనికి పోవు మూడవ మార్గము ఇదియే. అగ్నిప్రమాద స్థలమున దయగల ఇల్లాండ్రు సిబ్బందికి టీ, బిస్కట్లు ఇత్తురు. ఇచ్చువారు ముందుగా చెంబెడు నీళ్ళు, సబ్బుముక్క ఇచ్చినచో ఆ దయ సంపూర్ణమగును.

ఉపశమనమునకు మాత్రము ఇంటి వైద్యము బాగుగా పనిచేయును. గోరువెచ్చని ఉప్పునీటితోనో యష్టిమధుకపు కషాయముతోనో పుక్కిలించుట, చల్లని శుభ్రమైన నీటితో కన్నులు కడుగుట, అంతయు కడుగుకొన్న తరువాత ముక్కుపుటములకు కొంచెము నెయ్యి రాయుట – ఇవి మంటను, పొడిదగ్గును తగ్గించును. ఉసిరిక, దానిమ్మ, ఆకుకూరలు ఎవరికైనను మంచివే. అయితే అభ్యంగనము విషయమున జాగ్రత్త అవసరము. మసి ఉన్న ఒంటిపై నూనె మర్దించి స్నానము చేయరాదు. మసిలోని జిడ్డు విషములు నూనెలో కరగి చర్మములోనికి ఇంకుటకు వీలగును. ముందు సబ్బునీళ్ళు, మెడ, చెవుల వెనుక, చంకలు, గజ్జలు శుభ్రముగా కడుగుట. నూనె కావలెనన్న మరునాడు.

ఇపుడు ఈ వ్యాసమునకు ప్రాణమైన విషయమునకు వత్తును. మూత్రము ఎఱ్ఱగా వచ్చినచో మన ఇండ్లలో మొదట వినిపించు మాట 'వేడి చేసింది'. పల్నాటి ఎండలలో ఆ మాట నూటికి తొంబదిసార్లు నిజమే కావచ్చును. నీళ్ళు తక్కువై మూత్రము ముదురుపసుపుగా, మంటతో వచ్చుట ఎండాకాలమున సర్వసాధారణము. దానికి బార్లీ నీళ్ళు, పల్లేరుకాయల కషాయము, ధనియాల నీళ్ళు చక్కగా పనిచేయును. నేనును ఇచ్చుచున్నాను. కాని నొప్పి లేక, మంట లేక, మూత్రములో నెత్తురు కనిపించుట వేరు. మూత్రాశయ క్యాన్సరు తొలిదశలో సాధారణముగా ఇట్లే కనిపించును. ఒకనాడు కనిపించి, మరునాటికి తనంత తాను ఆగిపోవును. వారములో, నెలలో మరల కనిపింపదు. ఈ నడుమ మనము ఇచ్చిన బార్లీ నీళ్ళకు ఆ కీర్తి దక్కును! 'చూడు, రెండు గ్లాసులతో తగ్గిపోయింది' అందురు. తగ్గినది నెత్తురు, రోగము కాదు. ఆరు నెలల తరువాత అది తిరిగి వచ్చునపుడు గోడను దాటి లోతుకు పోయియుండవచ్చును.

పదవీ విరమణ చేసిన అగ్నిమాపక ఉద్యోగి ఒకరు కొంతకాలము క్రిందట నా వద్దకు వచ్చి, 'అయ్యా, వేడికి ఏదైనా కషాయం రాసివ్వండి' అని అడిగిరి. నొప్పి ఉన్నదా అనగా లేదనిరి. ఏ ఉద్యోగము చేసితిరనగా చెప్పిరి, బీడీ కాల్చుదురా అనగా మానివేసి పదేండ్లయినదనిరి. నాడి చూచిన తరువాత కషాయము వ్రాయలేదు. గుంటూరులో మూత్రకోశ వైద్యునికి చీటీ వ్రాసి, కొడుకును పిలిపించి, గొట్టము వేసి లోపల చూచు పరీక్ష చేయింపుమని చెప్పితిని. 'మీరే నయం చేస్తారని వస్తే అక్కడికి పంపుతారేమిటి' అని ఆ గృహిణి నొచ్చుకొనినది. ఆమె నొచ్చుకొనుటను నేను అర్థము చేసికొనగలను. పెద్ద ఆసుపత్రి అనగా ఖర్చు, భయము, దినముల తరబడి నిరీక్షణ. అయినను తొలిదశలో పట్టుబడిన మూత్రాశయపు గడ్డను మూత్రమార్గము గుండానే లోపలికి పోయి తొలగింతురు, పొట్ట కోయనక్కరలేదు. ఆలస్యమైనచో మూత్రాశయమునే తీసివేయవలసివచ్చును. ఈ రెండింటి నడుమగల దూరము కొన్నిసార్లు ఒక వేసవికాలపు బార్లీ నీళ్ళంత.

మూత్రాశయమే ఎందుకు దెబ్బతినవలెను? చర్మము గుండ, ఊపిరి గుండ రక్తములో చేరిన విషములను కాలేయము మార్చి, మూత్రపిండములు వడగట్టి, బస్తిలోనికి పంపును. అక్కడ అవి గంటల తరబడి నిలువయుండును. చరకుడు హృదయము, శిరస్సు, బస్తి అను మూడింటిని ప్రధాన మర్మములుగా చెప్పినాడు, వేగములను ఆపరాదను అధ్యాయములో మూత్రవేగమును మొదటనే పేర్కొన్నాడు. ఎండలో, మంటలో, బరువైన దుస్తులలో చెమటలు కారుచు పనిచేయువాడు నీరు త్రాగడు, మూత్రమునకు పోవుటకు తీరిక లేదు. నీరు అధికముగా త్రాగినంత మాత్రమున ఈ క్యాన్సరు రాదని శాస్త్రజ్ఞులందరు ఒప్పుకొనలేదు. అయినను త్రాగుట వలన వచ్చు నష్టము లేదు. పొగాకు మాత్రము ఏకాభిప్రాయము గల విషయము. మూత్రాశయ క్యాన్సరుకు అన్నిటికంటె పెద్ద కారణము పొగత్రాగుటయే. మంటలార్పి వచ్చి అలసట తీరుటకు సిగరెట్టు వెలిగించువాడు రెండు పొగలను కలుపుకొనుచున్నాడు.

ఇంటివారు చేయదగినవి కొన్ని ఉన్నవి. ఆ ఖాకీ దుస్తులు, బూట్లు వీలైనంతవరకు ఇంటికి తేకుండుటయే మేలు. తేక తప్పనిచో విడిగా సంచిలో కట్టి తేవలెను, పిల్లల బట్టలతో కలిపి ఒకే బక్కెట్టులో నానబెట్టరాదు, పొడిగా దులుపరాదు. మోటారు సైకిలుపై చంటిబిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు ముందు ఒంటిపై ఉన్నదేమో చూచుకొనవలెను. స్టేషనులోనే, ఇంకను మంచిది మంట ఆరిన చోటనే, కడుగుకొనుట ఉత్తమము. అమెరికాలో 2017లో ప్రకటించిన పరిశోధనలో, మంట ఆర్పిన వెంటనే అక్కడికక్కడ రక్షణ కోటును సబ్బునీటితో బ్రష్షు పెట్టి తోమి కడిగినచో దానిపైనున్న మసివిషములు సుమారు 85 శాతము తొలగినవి. మెడను తడి గుడ్డతో తుడుచుకొన్నంత మాత్రమునే సగానికి పైగా పోయినవి. ఇందులకు కోట్ల రూపాయల యంత్రము కావలెనా? ఫైరింజను నిండుగా నీళ్ళు ఉండనే ఉన్నవి. ఒక సబ్బు, ఒక బ్రష్షు, ఒక బక్కెట్టు చాలును.

ముక్కునకు తడి తువ్వాలు కట్టుకొనుట మనవారికి అలవాటు. పెద్ద నలుసులను కొంత ఆపును, వాయువులను ఆపదు. ఆ తువ్వాలు కట్టిన ధైర్యముతో లోపలికి పోవుట మరింత ప్రమాదము. గాలిసిలిండరు గల ముసుగు తప్ప వేరు రక్షణ లేదు. మంటలు చల్లారి, పొగ పలుచనై, అందరును ముసుగులు తీసివేసి బూడిద తిరగవేయు సమయమున విషవాయువులు, నారలు తగినంతగానే ఉండును. ప్రమాదము తొలగినదని మనస్సు చెప్పును, ఊపిరితిత్తులు అట్లు చెప్పవు. పెట్రోలు మంటలపై చల్లు నురుగులో కొన్ని రకములు శరీరములో సంవత్సరముల తరబడి నిలుచు రసాయనములు కలవి. వాటిలో ఒకటైన పీఎఫ్ఓఏను లియాన్ సంస్థ 2023లో ఒకటవ వర్గములో చేర్చినది. నురుగుతో పిల్లలను ఆడనిచ్చు ప్రదర్శనలు ఎక్కడైనను జరుగుచున్నచో మానవలెను.

ప్రభుత్వము చేయవలసినదానిని గురించి వైద్యుడు వ్రాయుట అనధికార ప్రసంగమని కొందరందురు. రోగి వద్దకు వచ్చిన తరువాతనే మాటాడవలెనన్న నియమము మా గురుకులమున లేదు. కెనడా దేశములోని మానిటోబా రాష్ట్రము 2002లోనే ఒక చట్టము చేసినది. నిర్ణీతకాలము అగ్నిమాపక వృత్తి చేసినవానికి చట్టములో పేర్కొన్న క్యాన్సరు వచ్చినచో అది వృత్తివలననే వచ్చినదని భావింపవలెను, కాదని నిరూపించు భారము ఎదుటివారిది. మన దేశమున 1923 నాటి పరిహార చట్టపు షెడ్యూలులో తారు, ఖనిజ తైలముల వలన వచ్చు చర్మపు క్యాన్సరు, ఆస్బెస్టాస్ వలన వచ్చు ఊపిరితిత్తుల క్యాన్సరు, మెసోథీలియోమా వృత్తి రోగములుగా ఉండెడివి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోని జాబితాయు అదే మార్గమున నడచినది. మంటలార్పు వృత్తి పేరు మాత్రము అందులో లేదు. ఏ గోదాములో ఏ రేకు పగిలి తన లోపలికి నార పోయినదో ముప్పది సంవత్సరముల తరువాత రోగి ఎట్లు నిరూపించును? అగ్నిమాపక శాఖల ఆధునికీకరణకు కేంద్ర ప్రభుత్వము 2023లో 5,000 కోట్ల రూపాయల పథకము ప్రకటించినది. బండ్లు, నిచ్చెనలు అవసరమే. ఆ డబ్బులో ప్రతి ఉద్యోగికి మార్చుకొనుటకు రెండవ జత రక్షణ దుస్తులు, స్టేషనులో ఉతుకు యంత్రము, నలుబది దాటినవారికి ఏటేట మూత్రపరీక్ష, పదవీ విరమణ తరువాత కూడ ఆ పరీక్ష కొనసాగుట – ఇవి చేరినవో లేదో అడుగు హక్కు మనకు లేదా? హోంగార్డులను, తాత్కాలిక సిబ్బందిని ఈ లెక్క నుండి తప్పించుటయు న్యాయము కాదు. పొగ నియామకపు ఉత్తర్వు చూచి లోపలికి పోదు.

చట్టము వచ్చువరకు కూర్చుండనక్కరలేదు. ఇంటిలో గోడమీద క్యాలెండరు ఉండును గదా. భర్తయో కొడుకో మంటలకు పోయి వచ్చిన దినమున ఇల్లాలు ఆ తేదీ దగ్గర నాలుగు మాటలు వ్రాసిపెట్టవలెను – ఏ ఊరు, ఏమి కాలినది, ఎన్ని గంటలు ఉన్నారు, ముసుగు ఉన్నదా లేదా, రేకులు పగిలినవా. సంవత్సరము మారునపుడు ఆ క్యాలెండరును పాతసామానులవానికి వేయక, సర్వీసు కాగితములతో, బీమా పత్రములతో కలిపి దాచవలెను. రేపు ఏ వైద్యుని వద్దకు పోయినను 'బీడీ కాల్చుదువా, మద్యము త్రాగుదువా' అని అడుగుదురు. 'ఏమి పనిచేసితివి' అని అడుగనిచో మీరే చెప్పవలెను, ఆ క్యాలెండర్లు ముందు పెట్టవలెను.